సముద్రం మనకు దూరం కాదు



పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల హాస్టల్ పిల్లల్లో సముద్రాన్ని చూసినవారు చాలా తక్కువ. మనకు విహారయాత్ర అంటే బాసర, కుంటాల జలపాతం, ధర్మపురి, వేములవాడ. అందుకే సముద్ర శాస్త్రం అనగానే "అది వైజాగ్ వాళ్ళ చదువు, మనకెందుకు?" అనుకుంటాం. ఈ అభిప్రాయం సరైనది కాదని, బైపీసీ చదివే ప్రతి హాస్టల్ విద్యార్థి ఈ చదువు గురించి తెలుసుకోవాలని నా ఉద్దేశం.

ముందుగా ఆ పని ఏమిటో చూద్దాం. చేప, తాబేలు, పీత, కంటికి కనబడని సూక్ష్మజీవి – నీటిలో బతికే ప్రతి ప్రాణి తన చర్మపు కణాలనో, జిగురునో, విసర్జననో నీటిలో వదులుతుంది. అందులో దాని డి.ఎన్.ఏ. ఉంటుంది. శాస్త్రవేత్తలు కొన్ని లీటర్ల నీటిని చాలా సన్నని రంధ్రాల ఫిల్టరుతో వడకట్టి, దానిపై మిగిలిన డి.ఎన్.ఏ.ను వేరు చేస్తారు. మన ఇంటర్ బాటనీలో ఉన్న పి.సి.ఆర్. పద్ధతితో దానికి కోట్ల ప్రతులు తీస్తారు. ఆ తర్వాత దాని అక్షరాల వరుసను చదివి, కంప్యూటర్‌లో నమోదైన జీవుల వరుసలతో పోల్చి చూస్తారు. వల వేయకుండా, ఒక్క చేపనైనా చంపకుండా అక్కడ ఏయే జీవులున్నాయో తెలుస్తుంది. 2008లో ఫ్రాన్సులో కుంటల నీటిని పరీక్షించి బుల్‌ఫ్రాగ్ అనే కప్ప జాడ కనిపెట్టారు. 2012లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు సముద్రపు నీటి నుంచే చేపల జాతులను గుర్తించారు. డాక్టరు రక్తపరీక్షతో రోగం పసిగట్టినట్టు, ఏటా ఇలా పరీక్షిస్తే ఏ జాతి తగ్గుతోందో, ఏ కొత్త జాతి చొరబడుతోందో ముందే తెలుస్తుంది.

ఈ పనికి సముద్రపు ఒడ్డునే పుట్టనక్కరలేదు. సముద్రం లేని హైదరాబాద్‌లోనే, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ జాలర్లకు చేపలు దొరికే చోట్లు చెబుతోంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. హైదరాబాద్ సి.సి.ఎం.బి.లో డాక్టర్ జి. ఉమాపతి బృందం ఒడిశాలోని చిలికా సరస్సు నీటిలోని డి.ఎన్.ఏ.ను చదివి, సూక్ష్మజీవుల నుంచి పెద్ద జంతువుల వరకు వెయ్యికి పైగా జీవ కుటుంబాల జాడ తీసింది. ఆ ప్రయోగశాల మన ఊళ్ళకు బస్సులో ఒక పూట ప్రయాణం.

ఇక మన గోదావరి సంగతి. పాత రోజుల్లో మన రెండు జిల్లాలకూ సరిహద్దు ఆ నదే. కడెం, మానేరు, ప్రాణహిత అన్నీ అందులో కలిసి అంతర్వేది, యానాం దగ్గర బంగాళాఖాతంలోకి పోతాయి. ఒడ్డున ఉన్న పట్టణాల మురుగు, పత్తిచేలలో కొట్టిన మందులు, వానకు కొట్టుకుపోయే ఎరువులు కూడా ఆ నీటితోపాటే కోరింగ మడ అడవుల వైపు ప్రయాణం చేస్తాయి. సముద్రం ఆరోగ్యం చెడితే అందులో మన వాటా కూడా ఉంటుంది. కనుక దాన్ని పరీక్షించే బాధ్యతలోనూ మనకు వాటా ఉండాలి.

మరో ముఖ్య విషయం. డి.ఎన్.ఏ. పరీక్ష అన్నీ చెప్పలేదు. ఎన్ని చేపలున్నాయో కచ్చితంగా లెక్క కట్టలేదు. దొరికిన డి.ఎన్.ఏ. అక్కడి జీవిదో, పైనుంచి కొట్టుకొచ్చిందో ఆలోచించి తేల్చుకోవాలి. అన్నింటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ముందుగా ఎవరో ఒకరు ఆ జీవిని చేతితో పట్టి, కళ్ళతో గుర్తించి, దాని డి.ఎన్.ఏ.ను నమోదు చేసి ఉంటేనే యంత్రం దాని పేరు చెబుతుంది. కొర్రమట్ట ఏది, బొచ్చె ఏది, వాలుగ ఏది అని చూడగానే చెప్పగల పిల్లలు మన హాస్టల్ గదుల్లోనే ఉన్నారు. చెరువు దగ్గర నేర్చిన ఆ విద్యను మనం చదువుగా లెక్కించడం లేదు. ప్రయోగశాలకు మాత్రం దానితో అవసరం ఉంది.

మనలో బైపీసీ తీసుకున్నవారికి చెప్పే దారులు రెండే – ఎం.బి.బి.ఎస్. లేదా నర్సింగ్. నీట్‌లో సీటు రాకపోతే అంతా అయిపోయిందని కుంగిపోతారు. సీటు రానివాడు బయాలజీలో ఓడిపోయినవాడు కాడు. ఐసర్ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి, సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే పరిశోధనకు ఫెలోషిప్ వస్తుంది. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000 రూపాయలు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

అయితే దారి పొడవైనదన్న మాట దాచకూడదు. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ళు పట్టవచ్చు. పర్మనెంటు ఉద్యోగాలు కొద్ది. కూలికి పోయే తల్లిదండ్రులు అన్నాళ్ళు ఎదురుచూడగలరా? అక్క పెళ్ళి, తమ్ముడి ఫీజు ఆగుతాయా? ఇది నిజమైన ప్రశ్న. దీనికి "కష్టపడితే అన్నీ సాధ్యమే" అని జవాబు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. జె.ఆర్.ఎఫ్. వచ్చేదాకా స్కాలర్‌షిప్ సకాలంలో అందాలి. హాస్టల్‌లో కనీసం పనిచేసే ఒక మైక్రోస్కోపు ఉండాలి. ప్రాక్టికల్స్ రికార్డులో బొమ్మలు గీయడంతో సరిపెట్టకూడదు. ఏడాదికొకసారి ఇన్‌కాయిస్‌కో, సి.సి.ఎం.బి.కో పిల్లలను తీసుకుపోవాలి. ఇవి కోరికలు కావు, మన హక్కులని నా అభిప్రాయం.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! అందరం సముద్ర శాస్త్రవేత్తలం కావాలని నేను చెప్పడం లేదు. ఇష్టం లేక వదిలేస్తే తప్పులేదు. అలాంటి చదువు ఒకటుందని తెలియక, లేదా మనలాంటి వాళ్ళకు కాదనుకుని వదిలేయకూడదు. మన గోదావరి ఎవరినీ అడగకుండానే సముద్రం దాకా పోతోంది. మనం కూడా పోవచ్చు.