మసీదులో కుర్చీ ఉంది, బావర్చీఖానాలో లేదు

"మాషా అల్లాహ్, దర్ద్ ఉన్నా ఎంత హుషారుగా తిరుగుతున్నావే!"

మొన్న మా దేవర్ కొడుకు అఖీఖా దావత్‌లో ఓ ఖాలా మెచ్చుకుంది. నా చేతిలో దాల్చా గిన్నె ఉంది. ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో నవ్వి ఊరుకున్నాను.

నాకు గఠియా మొదలై తొమ్మిదేళ్లు. వయసుతో మోకాళ్లు అరిగే జబ్బు కాదిది, రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది. వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ గోలీలు, మర్నాడంతా వికారం. ఫజర్‌కి లేస్తే వేళ్లు ముడుచుకోవు. వజూకి నల్లా తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. దావత్ తర్వాత మూడు రోజులు నా కమీజ్ గుండీలు నా కూతురే పెట్టింది. ఆ మూడు రోజులు ఏ ఖాలా చూడదు. వడ్డీ హరాం అంటాం కదా, నా ఒళ్లు మాత్రం సూద్ లేకుండా ఒక్క పూట కూడా అప్పివ్వదు.

"కదలకపోతే కీళ్లు బిగుసుకుపోతాయని డాక్టరే చెప్పాడుగా" అంటారు మా సాస్. నిజమే, చెప్పాడు. రోజూ నడుస్తాను, వేళ్లకి కసరత్తు చేస్తాను. కానీ రంజాన్‌లో అసర్ నుంచి మగ్రిబ్ దాకా పొయ్యి ముందు నిలబడి పన్నెండు మందికి సమోసాలు వేయించడం కసరత్తా? దాన్ని చాకిరీ అనండి, ఒప్పుకుంటాను.

ఇక సబర్. ఈ లఫ్జ్‌ని మన ఇళ్లల్లో ఆడవాళ్ల నోరు మూయించడానికే వాడుతున్నారు. అయ్యూబ్ అలైహిస్సలాం సబర్ గురించి గంటలు గంటలు బయాన్ చేస్తారు. ఆయన తన తక్లీఫ్‌ని అల్లాకి మొరపెట్టుకున్నారని మాత్రం చెప్పరు. జబ్బుతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి, నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకి ఒరిగి నమాజ్ చదవడానికి ప్రవక్త (స) ఇజాజత్ ఇచ్చారని సహీ బుఖారీలోనే ఉంది. అందుకేగా మసీదుల్లో సఫ్‌ల పక్కన కుర్చీలు! మా మామగారు కుర్చీలోనే చదువుతారు. అల్లా ఖబూల్ చేయాలి, ఆయన మోకాళ్ల మీద నాకే షక్ లేదు. కానీ అల్లా ముందు కూర్చోవచ్చట, రోటీ పీట ముందు కూర్చుంటే కామ్‌చోర్‌నట!

మగాళ్లకి నొప్పి లేదనడం లేదు. నడుం పట్టేసినా రాత్రి దాకా ఆటో తోలే భాయ్‌లు మన గల్లీల్లోనే ఉన్నారు. వాళ్లు ఇంటికొచ్చాక నడుం వాల్చొచ్చు. మా పని ఇంట్లోనే, మేం ఎక్కడికి వెళ్లి వాల్చాలి?

నా పైసలతో ఓ ఎత్తు స్టూల్ కొని బావర్చీఖానాలో వేసుకున్నాను. "భాభీ దుకాన్ పెట్టిందా" అని ననద్ నవ్వింది. వారం తిరక్కుండా దాని మీద బియ్యం బస్తా వచ్చి కూర్చుంది. బస్తా దించమని మియాకి చెప్పి స్టూల్ మళ్లీ లాక్కున్నాను.

వచ్చే నెల ఇంట్లో మంగ్నీ, నలభై మంది వస్తారు. ఉల్లిపాయలు కూర్చునే తరుగుతాను, డేక్సా దించను, మర్నాడు ఫజర్ చదివి పడుకుంటే జోహర్ దాకా నన్ను లేపొద్దు అని ముందే చెప్పేశాను. సాస్ ఇంకా నాతో మాట్లాడటం లేదు.