గురి కుదరని గాలి తుపాకీ

విశాఖపట్నం బీచిలో సాయంత్రం పూట, బెలూన్లు కట్టిన పలక ముందు నిలబడి గాలి తుపాకీ పేల్చి చూడనివారు తక్కువ. ఎర్ర బెలూనుకు గురిపెడితే పక్కనున్న పచ్చది ఠప్పున పేలుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. తను గురిపెట్టింది దానికి కాదని కొట్టినవాడికి తెలుసు గాని, చెప్పడు. బెలూన్లవాడు గొట్టం వంచి వుంటాడని మనసులో సర్దిచెప్పుకుని ఇంటికి వచ్చేస్తాం.

సొంత తుపాకీ అయితే అలా సర్దిచెప్పుకోవటం కుదరదు.

మొన్న సంక్రాంతికి తెనాలిలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళేసరికి ఇంట్లో ఇదే గొడవ. మా మేనల్లుడికి పద్నాలుగేళ్ళు. ఏడాదిన్నరగా పండగలకీ పుట్టినరోజులకీ చేతిలో పడ్డ డబ్బంతా దాచి, తండ్రిచేత ఒక గాలి తుపాకీ కొనిపించుకున్నాడు. గొట్టాన్ని కిందికి మడిచి స్ప్రింగు ఎక్కించే రకం; కొట్లో వున్నవాటిలోకెల్లా చౌకది. వాడి గదిలో గోడమీద గగన్ నారంగ్ బొమ్మ వుంది. 2012 లో లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం తెచ్చిన మన హైదరాబాదు షూటరు. వీడి ఆశలు ఎంతదూరం పోయాయో వేరే చెప్పక్కర్లేదు.

తీరా చూస్తే, పది మీటర్ల దూరాన అయిదు గుళ్ళు కొడితే అరచెయ్యంత మేర చెల్లాచెదరుగా పడుతున్నాయి. ఒకటైతే అట్టనే తాకలేదు. "వీడి చేతికి గురి లేదోయ్. తుపాకీని అని ఏం లాభం? పండగ వెళ్ళగానే ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నారు బావగారు, వాడు వింటూండగానే. కుర్రాడు మారు మాట్లాడలేదు. ఎదురుచెప్పినా బాగుండేది. వాడూ ఆ మాట నమ్మేశాడని నాకు తోచింది.

పెద్దవాణ్ణి గనక సలహా ఇచ్చాను. "గొట్టాన్ని పిట్టగోడ మీద ఆనించి, కదలకుండా బిగించి పట్టుకోరా" అన్నాను. వేళ్ళు తెల్లబడేలా బిగించాడు పాపం. గుళ్ళు ఇంతకుముందుకన్నా నాలుగు వేళ్ళు పైకి పోయి, ఇంకా విడివిడిగా పడ్డాయి. అప్పటికి గాని నాకు జ్ఞాపకం రాలేదు, ఈ జాతి తుపాకీ తత్వమే వేరని.

లోపల జరిగేది ఇదీ. మీట నొక్కగానే బలమైన స్ప్రింగు విడుదలై, బరువైన ముషలకాన్ని ముందుకు తోస్తుంది. అది ముందుకు దూకుతూంటే తుపాకీ వెనక్కి తంతుంది. ముందున్న గాలి నలిగి గట్టిపడి ముషలకాన్ని ఆపుతుంది. ఆ ఆగటంలో తుపాకీ ఈసారి ముందుకు గుంజుతుంది. ఈ రెండు కుదుపులూ మొదలయ్యేది గుండు గొట్టం దాటకముందే. అంతా కలిపి సెకనులో సుమారు నూరోవంతు. అంటే కదులుతున్న గొట్టంలోంచే గుండు బయటికి వస్తుందన్నమాట. మనిషి ఎంత బిగించినా ఈ కదలిక ఆగదు. బిగింపు ఒకసారి ఎక్కువా, ఒకసారి తక్కువా అయితే, కదలిక ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతుంది. గట్టి గోడ మీద ఆనిస్తే, గోడ తుపాకీని పైకి ఎగరేస్తుంది.

అంచేత చెయ్యవలసింది బిగించటం కాదు. ప్రతిసారీ ఒకే తీరున కదలనివ్వటం. అమెరికాలో దీన్ని ఫిరంగి పట్టు అంటారు; పెద్ద ఫిరంగి పేలినప్పుడు తన బండి మీద తాను వెనక్కి జారుతుందే, అలాగన్నమాట. ఎడమ అరచెయ్యి చాపి, దానిమీద తుపాకీ కట్టెను ఊరికే పడుకోబెట్టాలి. వేళ్ళు చుట్టకూడదు. మడమ భుజానికి తగిలీ తగలనట్టు వుండాలి. చెంప కట్టెమీద వాలాలి గాని అదమకూడదు. కుడిచెయ్యి కూడా మీటను నెమ్మదిగా వెనక్కి నొక్కటానికి ఎంత అవసరమో అంతే. పేలిన తరవాత కూడా ఒక క్షణం అలాగే గురిచూస్తూ వుండాలి. కొట్టగానే తల ఎత్తి "తగిలిందా?" అని చూసే అలవాటు మనందరికీ వుంది. అదే కొంప ముంచుతుంది.

ఆనుడు కావాలంటే ఇసక మూట మీద చేతి వెనక భాగం పెట్టి, అరచేతిలో తుపాకీ వుంచుకోవచ్చు. అరచెయ్యి ఎక్కడ వుంచితే గుళ్ళు దగ్గర దగ్గరగా పడతాయో ఒక్కో తుపాకీకి ఒక్కో చోటు. మావాడిదానికి మీట కాపుకు కాస్త ముందు కుదిరింది. అక్కడ సుద్దముక్కతో గీత గీశాం.

అలా కొట్టిన మొదటి అయిదూ సగానికి సగం దగ్గరపడ్డాయి. వాడి మొహం చూడాలి!

మిగిలిన సగం తుపాకీ లోపం. కట్టెను ఇనుముకు పట్టి వుంచే మరలు వదులై వున్నాయి. ఈ కుదుపులకు వదులవటం వాటి సహజం; వారానికోసారి సరైన స్క్రూడ్రైవరుతో చూసుకోవాలి. గొట్టం మడిచే చోట పక్కలకు ఊగుతోందేమో చూడాలి. ఊగితే ఎంత గురి చూసినా వృథా. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోవాలి. మడత దగ్గరి రబ్బరు వాషరు గాలి వదులుతోందో లేదో తెలుసుకోవటానికి సులువైన ఉపాయం వుంది. ఆ కీలు మీద పల్చని కాగితపు పేలిక పరిచి, గుండు పెట్టి పేల్చాలి. కాగితం ఎగిరిందా, వాషరు మార్చాలి.

ఇక నూనె. బావగారు యంత్రమంటే నూనె పోసే మనిషి. అక్కయ్య కుట్టుమిషను నూనె తెచ్చి, గొట్టం వెనక కన్నంలో నాలుగు చుక్కలు వేశారట. గాలి ఒక్కసారిగా నలిగినప్పుడు వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది, డీజిలు ఇంజన్లో లాగే. పొగ, వాసన, పెద్ద చప్పుడు. కుర్రాడు దాన్ని బలమనుకుని మురిసిపోయాడు. ఒక గుండు అంత జోరుతో, మరొకటి ఇంత జోరుతో పోతే గురి ఎక్కడిది? స్ప్రింగుకూ చేటే. గుడ్డముక్కతో గొట్టం తుడిచి, పొగ ఆగేదాకా కొట్టించాను. అయితే గుండు లేకుండా ఉత్తినే పేల్చకూడదు సుమండీ. ఆపే గాలి దన్ను లేక ముషలకం పోయి ఇనుముకు కొట్టుకుంటుంది.

గుళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. ఇవి మెత్తని సీసంతో చేసినవి. నడుము సన్నగా, వెనక లంగా అంచులా విచ్చుకుని వుంటాయి. డబ్బాలో ఒకదానికొకటి కొట్టుకుని ఆ అంచు సొట్టపోతుంది. మావాడి డబ్బాను పళ్ళెంలో పోసి, బియ్యంలో రాళ్ళేరినట్టు అక్కయ్యచేత ఏరించాను. గుప్పెడు పక్కకి పోయాయి. తుపాకీ ఒక్కొక్కదానికి ఒక్కో రకం గుండు నచ్చుతుంది. కారణం వెతికి లాభం లేదు. రెండుమూడు రకాలు చిన్న డబ్బాలు కొని చూడాలి. ఈ తుపాకీకి చదునైన మూతి గుళ్ళు పడ్డాయి. గుండ్రటి మూతివి పడలేదు.

అన్నీ అయ్యాకే వెనక సైటు తిప్పాలి. ఒక్క గుండు చూసి తిప్పేవాడు సాయంత్రం దాకా తిప్పుతూనే వుంటాడు. అయిదు కొట్టి, వాటి నడిమి చోటు చూసి, అది ఎటు జరగాలో వెనక సైటును అటే జరపాలి. మావాడు దూరదర్శిని బిగిద్దామన్నాడు. వద్దన్నాను, ఈ రెండు వైపుల కుదుపుకు మామూలు దూరదర్శినులు లోపలే విరిగిపోతాయి. మీట తేలికపడాలని ఆకురాయితో అరగదీయటం అంతకన్నా ప్రమాదం. తాకితే పేలే తుపాకీ ఇంట్లో వుండకూడదు.

తల్లులకు నాలుగు మాటలు. గుండు పెట్టేటప్పుడు మడిచిన గొట్టాన్ని రెండోచేత్తో పట్టే వుంచాలి. జారితే వేలు చితుకుతుంది. అట్ట వెనక పాత గుడ్డలు కుక్కిన పెట్టె వుండాలి, రాయీ గోడా కాదు. గుండు ఎగిరివస్తే కన్ను పోతుంది. పెద్దలు పక్కన వుండాలి. సీసం విషం గనక గుళ్ళు నోట్లో పెట్టుకోకూడదు, తరవాత చేతులు సబ్బుతో కడగాలి. చెట్టుమీది చిలుకను కొట్టటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నారంగ్ లాంటివారు పోటీల్లో వాడే తుపాకీలో స్ప్రింగు వుండదు. ముందే నింపిన గాలి. తన్నటం దాదాపు లేనట్టే. వాళ్ళు కొట్టవలసిన పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. మావాడికి అంత ఆశ పెట్టలేదు. కనుమనాటి సాయంత్రానికి అయిదు గుళ్ళూ రూపాయి బిళ్ళ కింద కప్పడ్డాయి. ఆ అట్టను వాడు నారంగ్ బొమ్మ పక్కన అంటించాడు. బావగారు చూసి, ఏమీ అనకుండా కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

కిందటి ఆదివారం ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. కుశలప్రశ్నలన్నీ అయ్యాక, ఆ చదునుమూతి గుళ్ళు ఏ కొట్లో దొరుకుతాయని అడిగారు.