గోరంత కేంద్రకం, కొండంత గెలాక్సీ

ఆకాశంలో ‘అతి పెద్దది’ ఏదైనా దొరికితే చాలు, మన పత్రికలకు పండగే. 2024 సెప్టెంబరులో ‘పోర్ఫిరియన్’ దొరికినప్పుడూ అంతే. 2 కోట్ల 30 లక్షల కాంతి సంవత్సరాల పొడవైన జెట్ల జంట అనగానే అందరూ ఆ అంకెనే పట్టుకున్నారు. ఆ జెట్లు ఏ గెలాక్సీలో పుట్టాయో తేల్చడానికి పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు సాయపడిందన్న సంగతి వెనక్కి పోయింది. నన్నడిగితే అసలు కథ ఆ పుట్టిన చోటే ఉంది.

ఇలాంటి రాక్షస రేడియో గెలాక్సీ నడుమ ఓ మహా కృష్ణబిలం ఉంటుంది. అది రెండు వైపులా చిమ్మిన జెట్లు కొసలకు చేరి మేఘాల్లా పరుచుకుంటాయి. ఆ మేఘాలు పాత చరిత్ర. కృష్ణబిలం తాజా సంగతులు చెప్పేది మాత్రం మధ్యలో చుక్కలా కనిపించే కేంద్రకమే.

3సీ 236 అనే రాక్షస రేడియో గెలాక్సీనే చూడండి. ఆ కొస నుంచి ఈ కొసకు దాదాపు కోటిన్నర కాంతి సంవత్సరాలు. 1974లో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బార్క్ టెలిస్కోపుతో విల్లిస్, స్ట్రోమ్, విల్సన్ ఈ విస్తారాన్ని బయటపెట్టారు. కేంద్రకం గుట్టు విప్పడానికి మాత్రం వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్న డిష్‌లు ఒకేసారి అటు తిరగాల్సి వచ్చింది. ఒక్కో చోట అందిన సంకేతాన్ని పరమాణు గడియారం చూపే సమయంతో సహా టేపుకెక్కించి, తర్వాత అన్నింటినీ ఒకచోట కలిపారు. చుక్క అనుకున్న దాంట్లో మరో బుల్లి జంట మూలం బయటపడింది. దాని నిడివి ఆరున్నర వేల కాంతి సంవత్సరాలు, మొత్తంలో రెండు వేలో వంతు కూడా లేదు. ఆ గెలాక్సీలో కొత్త నక్షత్రాల గుంపులను హబుల్ చూపించింది. ఇవన్నీ కలిపి 2001లో శాస్త్రజ్ఞులు ఒక నిర్ణయానికి వచ్చారు: కృష్ణబిలానికి మేత సుమారు కోటి ఏళ్లు ఆగి, మళ్లీ అందింది. ఆరిందనుకున్న కుంపటి తిరిగి రాజుకుందన్న మాట.

పొడవులో 3సీ 236 రికార్డు ఎప్పుడో చెరిగిపోయింది. అయినా దాని కేంద్రకం మీద పరిశోధన ఆగలేదు. తక్కువ పౌనఃపున్యంలో పాత మేఘాలు బాగా కనిపిస్తాయి, ఎక్కువ పౌనఃపున్యంలో కేంద్రకం తేటపడుతుంది. రెండూ చూస్తేనే చరిత్ర పూర్తవుతుంది. అందుకే కొత్త రికార్డుల వేటకిచ్చినంత టెలిస్కోపు సమయం, డబ్బు పాత గెలాక్సీలను మళ్లీ మళ్లీ చూడటానికీ ఇవ్వాలి. ఈసారి ‘అతి పెద్ద గెలాక్సీ’ వార్త చదివినప్పుడు మీరూ పొడవు దగ్గరే ఆగకండి, దాని కేంద్రకం ఏం చేస్తోందో అడగండి.