సలహాదారుల ఆస్తుల వివరాలు బయటపెట్టించండి

అమెరికా కాంగ్రెస్ సభ్యులకు,

ఈ దేశంలో పన్ను కట్టి, ఓటు వేసే తెలుగువాణ్ణి. ప్రభుత్వ తాత్కాలిక సలహాదారులకు వర్తించే 1962 నాటి చట్టాన్ని సవరించమని కోరుతున్నాను.

ఏడాదిలో 130 రోజులకు మించకుండా పనిచేసేవారికి ఆ చట్టం ‘ప్రత్యేక ప్రభుత్వ ఉద్యోగి’ హోదా ఇచ్చింది. శాస్త్రవేత్తలు, వైద్యులు తమ కొలువులు వదులుకోకుండానే సర్కారుకు సలహా ఇవ్వగలుగుతున్నది దానివల్లే. కొత్త మందులను పరిశీలించే నిపుణుల కమిటీలు అలాగే నడుస్తున్నాయి. ఆ మేలు పోకూడదు.

కానీ 2025లో వ్యాపారవేత్త ఎలాన్ మస్క్ అదే హోదాలో వైట్‌హౌస్‌లో అడుగుపెట్టారు. ఆయన అంతరిక్ష సంస్థ స్పేస్‌ఎక్స్‌కు ప్రభుత్వంతో వందల కోట్ల డాలర్ల కాంట్రాక్టులున్నాయి. సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న వ్యవహారంలో తలదూర్చడం నేరమని చట్టం చెబుతోంది. అయినా ఎక్కడ తప్పుకోవాలో ఆయనే చూసుకుంటారని వైట్‌హౌస్ ప్రకటించింది. జీతం తీసుకోలేదు గనుక ఆస్తుల వివరాలు గోప్యంగానే ఉండిపోయాయి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. జీతం వద్దన్నంత మాత్రాన స్వప్రయోజనం లేనట్టేనా? వేల కోట్లున్న మనిషికి జీతం ఒక లెక్కా? అసలు చూడాల్సింది కాంట్రాక్టులను.

జీతం ఉన్నా లేకున్నా వైట్‌హౌస్ సలహాదారుల ఆస్తుల వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంచండి. ఎవరు ఏ ఫైలుకు దూరంగా ఉండాలో ఆ సలహాదారు కాకుండా నైతిక నియమావళి అధికారి రాతపూర్వకంగా తేల్చాలి. ఆ నిబంధన నుంచి ఎవరికైనా మినహాయింపు ఇస్తే కారణంతో సహా వెంటనే ప్రకటించాలి. 130 రోజుల లెక్క ఇప్పుడు నియామక సమయంలో వేసే అంచనా మీదే ఆధారపడుతోంది. నిజంగా పనిచేసిన రోజులను లెక్కించండి.

ఇట్లు,
ఒక ఓటరు