తాతగారి కారుకు ఏం తాగిద్దాం?

సంక్రాంతికి ఊరెళ్తే షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని కనిపిస్తుంది తాతగారి అంబాసిడర్. పిల్లలు హారన్ నొక్కి మురిసిపోతారు. ‘దీన్ని మళ్లీ రోడ్డెక్కిద్దాం’ అంటాడు ఇంటి పెద్దబ్బాయి. కొత్త బ్యాటరీ వస్తుంది. టైర్లకు గాలి పడుతుంది. తాతగారి కారు కదా... ఖర్చుకు వెనకాడకుండా కొట్లో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన సింథటిక్ ఆయిల్ కొంటారు. బంకుకెళ్లి ట్యాంకు నిండా పెట్రోలు కొట్టిస్తారు. ఇంజిన్ గురగురమంటుంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు!

నెల తిరక్కుండానే షెడ్డు నేలంతా నూనె మరకలు. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన. ఇంజిన్లోంచి టకటకమంటూ ఎప్పుడూ వినని చప్పుడు. ఎక్కడొచ్చింది తేడా? ప్రేమలో కాదు, పోసినదాంట్లో. తొంభై ఏళ్ల తాతగారికి ముద్దొచ్చారని పిజ్జా పెట్టం కదా. ఆయన కడుపుకు పడేదే పెడతాం. ఆయన కారుకూ అంతే.

పైగా ఇప్పుడీ కార్లకు గుర్తింపూ పెరిగింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని కార్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ కేంద్ర రవాణాశాఖ 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. వాటి నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20 వేలు. రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించుకోవడానికి మాత్రం రోడ్డెక్కొచ్చు. ఆ పోయించుకునేదేంటో తెలిస్తేనే ఈ ముచ్చటంతా.

చిక్కదనమే ప్రాణం

ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-50, 5డబ్ల్యూ-30 అని అంకెలుంటాయి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె, చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. వెనకున్నది ఇంజిన్ బాగా వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆ చిక్కదనాన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కన.

ఈ కాలపు ఇంజిన్లలో భాగాల మధ్య సందులు చాలా తక్కువ. పల్చటి ఆయిల్ అయితేనే వాటిలోకి చకచకా చేరుతుంది. పాత ఇంజిన్ల సందులు కాస్త ఎక్కువ. ఏళ్ల తరబడి అరిగి ఇంకా పెరిగి ఉంటాయి. అందులో 5డబ్ల్యూ-30 పోస్తే లోపల నిలవాల్సిన ఆయిల్ జారిపోతుంది, ప్రెజర్ పడిపోతుంది. కార్కు ప్యాకింగులు, తాడు సీళ్ల సందుల్లోంచి బయటికీ కారుతుంది. షెడ్డులో మరకల కథ ఇదే.

అందుకే అంబాసిడర్, ఫియట్ తరం కార్లకు మన ఎండల్లో మామూలు మినరల్ ఆయిల్, అందులోనూ 20డబ్ల్యూ-50 చక్కగా సరిపోతుంది. అంతకన్నా పాత కార్లకైతే కంపెనీ పుస్తకంలో 30, 40 అని ఒంటి అంకె కనిపించొచ్చు. పుస్తకం దొరికితే దాని మాటే వేదం.

జింకు ఉందా?

ఇక ఆ టకటక చప్పుడు. పాత ఇంజిన్లలో వాల్వులను లేపే క్యామ్‌షాఫ్టు, దాని మీదుండే టాపెట్ ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్లో జింకు, భాస్వరం కలిసిన జడ్‌డీడీపీ అనే రసాయనం కలుపుతారు. అది లోహం మీద పల్చటి పొరలా పరుచుకుని అరుగుదలను ఆపుతుంది.

కానీ భాస్వరం, కొత్త కార్ల పొగగొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిళ్లలో భాస్వరాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. కొత్త కారుకు అది మేలు. కన్వర్టరే లేని పాతకారు క్యామ్‌షాఫ్టుకు మాత్రం లోటు. 20డబ్ల్యూ-50 రకాలకు ఆ పరిమితి వర్తించదు. అయినా కొనేముందు జింకు ఎంతుందో అడిగి తెలుసుకోవడం మంచిది.

మరో జాగ్రత్త. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్ అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. ఇప్పటి ఆయిళ్లలో మురికిని కడిగే డిటర్జెంట్లుంటాయి. నేరుగా పోస్తే ఆ మడ్డి ఊడొచ్చి సన్నటి ఆయిల్ దారులకు అడ్డం పడొచ్చు. అందుకే ముందు పాత ఆయిల్ దించేయాలి. సంపు విప్పి, కడిగించి, ఫిల్టరు మార్చాకే కొత్త ఆయిల్.

అన్నట్టు, ఒకప్పుడు ఇంజిన్లకు ఆముదమూ పోసేవారు! మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజిన్లు తిరిగింది ఆముదంతోనే. క్యాస్ట్రాల్ పేరు పుట్టింది కూడా ఆముదం ఆంగ్లనామం ‘క్యాస్టర్’ నుంచే. వేడికి బాగా ఓరుస్తుంది కానీ జిగురు కడుతుంది, మినరల్ ఆయిల్‌తో సరిగా కలవదు. కాబట్టి నల్గొండ ఆముదాన్ని తలకే ఉంచుదాం.

సీసం పోయి... ఇథనాల్ వచ్చె

పెట్రోలు సంగతికొద్దాం. ఇంజిన్లో ‘నాకింగ్’ రాకుండా పెట్రోల్లో సీసం కలపొచ్చని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద మెత్తటి పొరలా ఉండి అరుగుదలనూ ఆపేది. కానీ మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు అది విషం. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోలు ఆగిపోయింది. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియా ఆపేసింది.

అంబాసిడర్ లాంటి కార్లలో సిలిండర్ హెడ్ పోత ఇనుముది. వాల్వు సీటును అందులోనే చెక్కుతారు. సీసం లేని పెట్రోలుతో వేగంగా, ఎక్కువ దూరం నడిపితే ఆ సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. టాపెట్ సందు సరిచేయించిన కొద్దిరోజులకే మళ్లీ తగ్గిపోతోందంటే అనుమానించాల్సిందే. హెడ్ దించిన రోజున గట్టి ఉక్కు సీట్లు వేయిస్తే ఇక దిగులుండదు. ఆదివారం పూట నెమ్మదిగా తిప్పే కారుకు అంత భయం అక్కర్లేదు.

సీసం పుట్టకముందు తయారైన కార్లు మరీ నయం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది కదా... ఆనాటి ఇంజిన్లు సీసం మీద ఆధారపడి తయారైనవి కావు.

ఇప్పటి అసలు చిక్కు ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది. కాబట్టి తాతగారి కారే దానికి సర్దుకోవాలి.

ఇథనాల్ పాతకాలపు రబ్బరును ఉబ్బిస్తుంది, పగలగొడుతుంది. గాల్లోని తేమను పీల్చుకుని ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది, కార్బొరేటర్ లోహాన్ని తినేస్తుంది. ట్యాంకులో అంటుకున్న పాత జిగురును కరిగించి జెట్లకు అడ్డం పడేస్తుంది. అన్నింటికన్నా ప్రమాదం పగిలిన పైపు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే కారే కాదు, అందులో కూర్చున్న మనవలూ ప్రమాదంలో పడతారు. బానెట్ కింద పెట్రోలు వాసన వస్తే ఇంజిన్ ఆపి, అందరూ దిగిపోవాలి. పైపు మార్చాకే మళ్లీ తాళంచెవి తిప్పాలి.

మరి హై ఆక్టేన్ పెట్రోలో? అక్కర్లేదు. పాత ఇంజిన్లు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని ఏడెనిమిది రెట్లే నొక్కుతాయి. ఎక్కువ నొక్కే ఇంజిన్లకే ఎక్కువ ఆక్టేన్ కావాలి. ఇక్కడ పోస్తే డబ్బు పొగే!

ఇవి మరవొద్దు

* పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్, ప్యాకింగులు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి. పైపులకు వైటాన్ రబ్బరు మేలు.

* ట్యాంకు కడిగించి, పైపులో చిన్న ఫిల్టరు పెట్టించండి. కొన్నాళ్లు దాన్ని తరచూ చూసి మారుస్తుండాలి.

* ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది. దాంతో మిశ్రమం పల్చబడి ఇంజిన్ వేడెక్కి కుదుపులొస్తే, కార్బొరేటర్ జెట్టు కాస్త పెద్దది వేయమని మెకానిక్‌కు చెప్పండి.

* ఎండాకాలం పెట్రోలు పైపులోనే ఆవిరై కారు ఆగిపోవచ్చు. కంగారొద్దు. నీడలో ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే చాలు. వెనకటి డ్రైవర్లు చేసిందీ ఇదే.

* నెలల తరబడి తీయకపోతే పెట్రోలు దించేయండి. తిప్పినా తిప్పకపోయినా ఆయిల్ ఏడాదికోసారి మార్చాలి.

* రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఆయిల్లో తేమ చేరుతుంది. తీస్తే ఓ అరగంటైనా తిప్పి, ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి.

ఆ అరగంటలో ముందు సీట్లో తాతగారిని కూర్చోబెట్టుకోవడం మాత్రం మరవొద్దు. ఇంజిన్ చప్పుడు విని, ఆయిల్ ఎప్పుడు మార్చాలో పుస్తకం కన్నా ముందు ఆయనే చెప్పేస్తారు!