చేతులు పెట్టాను కదా, ఇంకెందుకు మోత?

ఖమ్మం నుంచి నేలకొండపల్లికి బావ కొత్త కారు నేనే నడుపుతున్నా. గీతలు చూసి కారును లేన్‌లో ఉంచే సౌకర్యం ఆన్‌లో ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నా, చేతులు పెట్టమని ఒకటే కుయ్‌కుయ్.

"పాడైందా బావా?"

"ఊరికే ఆనిస్తే దానికి తెలీదు బామ్మర్దీ. తిప్పినట్టు కాస్త బరువు తగలాలి."

నిజమే. చాలా కార్లలో ఉండేది తాకిడిని కాదు, తిప్పే బలాన్ని కొలిచే సెన్సర్. అందుకే తిన్నటి రోడ్డు మీదే గోలెక్కువ. ఒక చెయ్యి పక్కకి కాస్త బరువుగా వేలాడేశా, ఊరుకుంది. కొందరైతే స్టీరింగ్‌కి బరువు కట్టేస్తారు! అందుకని అమ్మే ఒక పరికరాన్ని అమెరికా ప్రభుత్వం 2018లో ఆపమంది.

ఊరు దగ్గరపడ్డాక గీతల్లేవు. సగం రోడ్డు మీద వడ్లు, కాళ్లతో కలబెడుతూ ఒక అవ్వ. ఈసారి కుయ్‌మనలేదు. తెర మీద స్టీరింగ్ బొమ్మ బూడిద రంగులోకి మారిందంతే. పక్కకి తిప్పింది నేనే.