‘గ్రబ్ రెస్క్యూ’ అంటూ ఆగిపోతే...

కాలేజీ ప్రాజెక్టు కోసమని ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ వేసుకున్నాడో ఇంజినీరింగ్ కుర్రాడు. ప్రాజెక్టు అయిపోయింది. ఇక లినక్స్ ఎందుకు, ఆ చోటేదో సినిమాలకు పనికొస్తుందని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ పార్టిషన్‌ని డిలీట్ చేశాడు. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నల్లటి తెర మీద ‘నో సచ్ పార్టిషన్’ అని ఒక ముక్క, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’. అంతే! అక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. మరో కాపీ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ఇచ్చే సలహా ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. దానికి మాత్రం ఒప్పుకోవద్దు. విండోస్ నిక్షేపంగా ఉంది, ఫొటోలూ ఉన్నాయి. తప్పిపోయింది దారి చూపించేవాడే.

పాత తరహా డిస్కుల్లో మొట్టమొదటి సెక్టారుని ఎంబీఆర్ అంటారు. ఉండేది 512 బైట్లే. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాముకి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి రెండు బైట్లు గుర్తుకి. లినక్స్ వేసినప్పుడు ఆ 446 బైట్ల చోటులో విండోస్ ప్రోగ్రాముని లేపేసి గ్రబ్ కూర్చుంటుంది. దాని మిగతా సరంజామా లినక్స్ పార్టిషన్‌లో ఉంటుంది. ఆ పార్టిషనే పోయాక పాపం గ్రబ్ మాత్రం ఏం చేస్తుంది?

స్నేహితుల కంప్యూటర్‌లో విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని దాంతో బూట్ చేయండి. ‘ఇన్‌స్టాల్’ జోలికి వెళ్లకుండా ‘రిపెయిర్ యువర్ కంప్యూటర్’ ఎంచుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘బూట్‌రెక్’ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘ఫిక్స్‌ఎంబీఆర్’ అని టైపు చేయాలి. పట్టికని ముట్టుకోకుండా బూట్ ప్రోగ్రాముని మాత్రమే తిరగరాస్తుందది. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే కుర్రాడి విండోస్ వచ్చేస్తుంది. యూఈఎఫ్ఐ ఉండే కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. ఆన్ చేయగానే బూట్ మెనూ తెరిచి (చాలావాటికి ఎఫ్12 లేదా ఎఫ్9) ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకుంటే చాలు. ఆ తర్వాత సెటప్‌లో దాన్నే మొదటి వరుసలోకి జరపాలి.

లినక్స్ అనుకుని ఫొటోలున్న పార్టిషన్‌నే డిలీట్ చేస్తే? గుండె జారిపోయే సంగతే. అప్పుడూ పోయేది పట్టికలో ఆ పార్టిషన్ పేరిట ఉన్న 16 బైట్ల పద్దే. ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి... వాటి మీద మరొకటి రాయనంత వరకూ. కాబట్టి ఆ డిస్కుని అస్సలు వాడకూడదు. దాన్ని విప్పి మరో కంప్యూటర్‌కి తగిలించి, ఉచితంగా దొరికే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రాముతో వెతికించాలి. పాత పార్టిషన్ దొరికితే లోపలి ఫైళ్ల పేర్లు చూపిస్తుంది. అవి సరిగ్గా కనిపిస్తే ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ‘రైట్’ నొక్కి పట్టికని సరిచేయడం ఆ తర్వాతి మాట.

మధ్యలో విండోస్ ‘ఈ డిస్కుని ఫార్మాట్ చేయమంటారా?’ అని మర్యాదగా అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. ముఖ్యంగా అది ఎస్ఎస్‌డీ అయితే. ఫార్మాట్‌తోపాటే ‘ట్రిమ్’ ఆదేశం కూడా వెళ్లి, ఆ చోటు ఇక అక్కర్లేదని డిస్కుకి చెప్పేస్తుంది. ఆ తర్వాత టెస్ట్‌డిస్క్ వెతికినా సాధారణంగా ఏమీ మిగిలి ఉండదు.